పంటకొక కొమ్మ, వచ్చే ఏటికొక కొమ్మ: ద్రాక్ష కత్తిరింపును గాడిలో పెట్టిన డాక్టర్ గియో

అక్టోబరు కత్తిరింపుకు కూలీలను మాట్లాడుకునే రోజులు వచ్చాయి. ఈ సమయంలో నాకు ఫోన్ చేసే ద్రాక్ష రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: సార్, ఎన్ని కళ్లు వదలాలి? అంకె చెప్పేస్తే పని తేలికే. కానీ ఆ అంకె ఎందుకో తెలియకపోతే, ధర బాగున్న ఏడాది చేయి ఆగదు, నాలుగు కొమ్మలు ఎక్కువే వదులుతాం. ఆ మరుసటి ఏడాది పందిరి నిండా ఆకు ఉంటుంది, గెల ఉండదు.

అందుకే ఈసారి మందులు, మోతాదుల కంటే ముందు ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన పేరు జూల్ గియో. ఫ్రాన్సు దేశస్థుడు, చదివింది వైద్యం. చనిపోయి 150 ఏళ్లు దాటింది. ప్రపంచంలో చాలా ద్రాక్ష తోటల్లో నేటికీ చలికాలంలో చేసే ఒక కత్తిరింపును ఆయన పేరుతోనే పిలుస్తారు. మన పందిళ్లలో ఆ పద్ధతి ఉన్నది ఉన్నట్టు పనికిరాదు. దాని వెనక ఉన్న లెక్క మాత్రం మన తోటకూ వర్తిస్తుంది.

గియో 1807 మే 17న జియే-సుర్-సేన్ అనే ఊళ్లో పుట్టాడు. సేన్ నది ఒడ్డున, ఓబ్ జిల్లాలో, షాంపేన్ ప్రాంతపు దక్షిణపు కొసన ఉన్న ద్రాక్ష ఊరు అది. పారిస్ వెళ్లి వైద్యుడయ్యాడు. ఒక పని పట్టుకుని అక్కడే కూర్చునే మనిషి కాదు. గాలి కదలికల మీద, దాని ఒత్తిడి మీద పరిశోధన చేశాడు. గాయాలను ఎప్పుడూ ఒకే వేడి ఉన్న గాలిలో ఉంచితే త్వరగా మానతాయని 1840లో పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో గుట్టల మీద బురుజులు కట్టి, వాటిపై చెక్క చేతులు ఊపుతూ ఊరి నుంచి ఊరికి కబురు పంపేవారు. చీకటి పడితే అది ఆగిపోయేది. దీపాలతో రాత్రి కూడా నడిపించాలని గియో చాలా ప్రయత్నించాడు. ఈలోగా తీగ మీద కరెంటుతో కబురు పంపే టెలిగ్రాఫ్ వచ్చేసింది. ఆయన శ్రమ అక్కరకు రాలేదు.

తర్వాత ఆయన ద్రాక్ష వైపు తిరిగాడు. షాంపేన్ ప్రాంతంలో సిల్లెరీ అనే ఊరి దగ్గర ఒక పెద్ద వ్యాపార సంస్థకు తోట ఉండేది. ఆ తోట బాధ్యత ఆయన చేతికి వచ్చింది.

అప్పటి షాంపేన్ తోట ఎలా ఉండేదో తెలిస్తేనే ఆయన చేసిన పని అర్థమవుతుంది. సాళ్లు ఉండేవి కావు. హెక్టారుకు పదుల వేల మొక్కలు, నారుమడిలా గుంపుగా ఉండేవి. ఎందుకంటే, ద్రాక్ష కాపు ఎప్పుడూ కొత్త రెమ్మ మీదే వస్తుంది. ఆ రెమ్మ కూడా నిరుడు పెరిగి ముదిరిన కొమ్మ కంటి నుంచి రావాలి. మొద్దు నుంచి, పాత కర్ర నుంచి వచ్చే రెమ్మలు చాలావరకు కాయవు. కాబట్టి రైతు ఏటా కొమ్మ కొసన ఉన్న కళ్లను కాపుకు వదులుతాడు. మరుసటి ఏడు ఆ కొసన వచ్చిన కొమ్మకు ఇంకా కొసన వదులుతాడు. ఇలా కాపు ఏటేటా మొదలుకు దూరంగా జరిగిపోతుంది, మధ్యలో బోడి కర్ర మిగులుతుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం, సాగిపోయిన తీగను గుంట తీసి మట్టిలో పూడ్చి, కొసను మాత్రం పైకి తేవడం. మనం మల్లెకు అంటు తొక్కినట్టే. కప్పిన చోట వేర్లు పుట్టి ఇంకో మొక్క తయారవుతుంది. కొన్నేళ్లకు ఏ మొక్క మొదలు ఎక్కడుందో ఎవరికీ తెలియని స్థితి. నాగలి దూరదు, గుర్రం దూరదు. తవ్వకం, కలుపు, అన్నీ వంగి పారతోనే. కూలి ఖర్చే తోటను తినేసేది.

గియో ఈ చిక్కుముడిని కత్తెర దగ్గరే విప్పాలనుకున్నాడు.

ఆయన పద్ధతి వినడానికి చాలా చిన్నది. చలికాలంలో ఆకు రాలి మొక్క నిద్రలో ఉన్నప్పుడు, మొక్క మీద రెండే కొమ్మలు వదలాలి. ఒకటి పొడవు కొమ్మ, అందులో ఆరు, ఎనిమిది, బలమున్న మొక్కకు పది కళ్లు. అది ఈ ఏటి పంటకు. రెండోది దాని కింద, మొదలుకు దగ్గరగా, రెండే కళ్లున్న పొట్టి కొమ్మ. అది వచ్చే ఏటికి. మిగతాదంతా తీసేయాలి.

పొడవు కొమ్మను నిలువుగా వదలకుండా అడ్డంగా వంచి కింది తీగకు కట్టాడు. నిలువుగా ఉంటే కొసన ఉన్న రెండు కళ్లే ముందు లేచి, కిందివాటిని ఎదగనివ్వవు. ఇది మీరు మీ తోటలోనూ చూసే ఉంటారు. అడ్డంగా వంచితే కళ్లన్నీ ఇంచుమించు సమంగా లేస్తాయి. వాటి రెమ్మలకు గెలలు వస్తాయి. ఆ రెమ్మలు మరీ సాగకుండా కొసలు తుంచమన్నాడు. పొట్టి కొమ్మ నుంచి వచ్చే రెండు రెమ్మలను మాత్రం తుంచకూడదు. వాటిని కర్రకు నిలువుగా కట్టి బాగా పెరగనివ్వాలి.

మరుసటి చలికాలానికి పంట ఇచ్చిన పొడవు కొమ్మ పని అయిపోతుంది. దాన్ని మొత్తంగా కోసేయాలి. పొట్టి కొమ్మ మీద పెరిగిన రెండింటిలో పైది కొత్త పొడవు కొమ్మ అవుతుంది. కిందిదాన్ని రెండు కళ్లకు కోస్తే కొత్త పొట్టి కొమ్మ. మళ్లీ అదే వరస. కాపు మొదలు దగ్గరే ఉంటుంది, తీగను మట్టిలో పూడ్చే పని లేదు. మొక్కలు సాలులో నిలుస్తాయి, సాళ్ల మధ్య గుర్రం నాగలి లాగుతుంది.

నాకు ఇందులో నచ్చేది ఆ పొట్టి కొమ్మ. ఈ ఏడాది ఒక్క గెల కూడా ఇవ్వకపోయినా ఫరవాలేదని దాన్ని వదిలాడు చూడండి, అక్కడుంది ఆయన తెలివి. అప్పటి రైతులకు మింగుడు పడనిదీ అదే. మన రైతుకూ అంతే. కాయగల కొమ్మను కోసి పారేయమంటే ఎవరికైనా చేయి ఆడదు.

మంచు దెబ్బ ఆయనకు ఇంకో తలనొప్పి. షాంపేన్‌లో ఏప్రిల్, మే నెలల్లో లేత చిగుళ్లు ఒక్క రాత్రి చలికి మాడిపోతాయి. గియో గడ్డి చాపలు అల్లించి సాళ్లకు కప్పించాడు, ఆ చాపలు అల్లే యంత్రాన్ని కూడా ప్రచారం చేశాడు. చాపల పద్ధతి ఖర్చుకు తట్టుకోలేక తర్వాత వెనకబడింది. కత్తిరింపు నిలిచింది.

1860లో ద్రాక్ష సాగు, వైన్ తయారీ మీద ఆయన పుస్తకం వచ్చింది. అప్పుడు ఫ్రాన్సును మూడో నెపోలియన్ పాలిస్తున్నాడు. వ్యవసాయ శాఖ ఆయనకు దేశంలోని ద్రాక్ష ప్రాంతాలన్నీ తిరిగి చూసే పని అప్పగించింది. యాభై దాటిన వయసులో జిల్లా తర్వాత జిల్లా తిరిగాడు. నేల ఏమిటి, రకం ఏమిటి, ఎన్ని కళ్లకు కోస్తున్నారు, ఎంత పండుతోంది, కూలికి ఎంత పోతోంది, అన్నీ అడిగి రాసుకున్నాడు, తీగల బొమ్మలు గీయించాడు. అదంతా 1868లో మూడు పెద్ద సంపుటాలుగా అచ్చయింది. ద్రాక్ష సాగుదారులు ఒకరికొకరు నేర్పుకోవడానికే ఈ పుస్తకం అని దాని పేరులోనే పెట్టాడు. విస్తరణ ఉద్యోగంలో ఉన్న నాలాంటివాడికి ఆ పేరు చూస్తే ముచ్చటేస్తుంది.

ఆ తిరుగుడులో ఆయనకు తెలిసిందేమిటంటే, తన పద్ధతి లాంటిది కొన్నిచోట్ల రైతులు ఎప్పటి నుంచో చేస్తున్నారు. మీరు కొట్టే బోర్డో మిశ్రమం పేరు వెనకున్న ఆ బోర్డో ప్రాంతంలో, మెడాక్ అనే చోట, తోటలు అప్పటికే సాళ్లలో ఉన్నాయి. పొడవు కొమ్మలు వంచి దడికి కట్టేవారు, ఎద్దులతో దున్నేవారు. కాబట్టి గియో దీన్ని శూన్యంలోంచి కనిపెట్టాడనడం సరికాదు. అక్కడక్కడా ఉన్నదాన్ని ఒక వరసలో పెట్టి, ఎందుకు చేయాలో చెప్పి, ఊరూరా తిరిగి ప్రచారం చేసినవాడు ఆయన.

ఆయన్ని వ్యతిరేకించినవారూ తక్కువేం కాదు. అన్ని నేలలకూ, అన్ని రకాలకూ ఒకే కత్తిరింపు రుద్దుతున్నాడని కొందరి అభ్యంతరం. పొడవు కొమ్మ వదిలితే కాపు పెరిగి వైన్ నాణ్యత పడిపోతుందని ఇంకొందరు. ఆ మాటల్లో కొంత నిజముంది. మొదలు దగ్గర కళ్లే బాగా కాసే రకాలకు పొడవు కొమ్మ అక్కర్లేదు. ఏటా ఒక పెద్ద కొమ్మను తల దగ్గర కోయడం వల్ల గాయాలు మిగిలి, వాటిలోంచి మొద్దు కుళ్లు తెగుళ్లు వస్తున్నాయని ఇప్పుడు ఫ్రాన్సు రైతులే తల పట్టుకుంటున్నారు.

గియో 1872 మార్చి 31న బర్గండీలోని బోన్ పట్టణం దగ్గర సావిన్యీ గ్రామంలో చనిపోయాడు. చుట్టూ ద్రాక్ష తోటలున్న ఊరే. అప్పటికి ఆయన పద్ధతి దేశమంతా ఏమీ పాకలేదు. పాకింది ఒక పెద్ద నష్టం వల్ల. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే వేరు పేను 1860లలో ఫ్రాన్సు దక్షిణాన దిగి, తర్వాతి ముప్పై ఏళ్లలో దేశంలోని తోటలను దాదాపు తుడిచిపెట్టేసింది. పురుగును తట్టుకునే అమెరికా వేరు మొక్కల మీద అంటు కట్టి తోటలన్నీ మళ్లీ నాటాల్సి వచ్చింది. అంటు మొక్కను మట్టిలో పూడిస్తే పై రకానికి సొంత వేర్లు వచ్చి పురుగు మళ్లీ పడుతుంది. అంటే గుంపు తోట పద్ధతికి కాలం చెల్లింది. కొత్త తోటలన్నీ సాళ్లలో, తీగల మీద వేశారు. వాటికి సరిపోయే కత్తిరింపుగా గియో పద్ధతి అప్పటికే పుస్తకంలో తయారుగా ఉంది. ఆ రోజు చూడటానికి ఆయన లేడు. ఆయన సొంత జిల్లాలోని త్రువా పట్టణపు నర్సరీవారు ఒక బేరి పండు రకానికి ఆయన పేరు పెట్టారు, అది ఇప్పటికీ పండుతోంది.

ఇక మన తోట సంగతి.

ముందు వాళ్ల ఏడాదిని, మన ఏడాదిని పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ నవంబరుకు ఆకు రాలుతుంది. ఆకు రాలేలోగా తయారైన పిండి పదార్థం వేళ్లలోకి, మొద్దులోకి దిగి నిల్వ ఉంటుంది. జనవరి నుంచి మార్చిలోగా కోస్తారు. నేల వేడెక్కగానే కోసిన చోటి నుంచి నీరు కారుతుంది. మన తోటలోనూ కత్తిరించాక కారేది అదే, దానికి భయపడక్కర్లేదు. ఏప్రిల్‌లో కళ్లు పగులుతాయి, జూన్‌లో పూత, పూత నుంచి ఇంచుమించు వంద రోజులకు కోత. ఒకే కత్తిరింపు, ఒకే పంట.

మన దగ్గర మొక్కను నిద్రపుచ్చే చలి లేదు. 1890 ప్రాంతంలో హైదరాబాదులో అనాబ్-ఎ-షాహి సాగు మొదలైనప్పటి నుంచీ మన రైతులు, పరిశోధకులు కలిసి వేడి ప్రాంతానికి తగ్గ పద్ధతి తయారుచేసుకున్నారు. రెండు కత్తిరింపులు, ఒక పంట. ఏప్రిల్‌లో పంట కోశాక కొమ్మలన్నిటినీ ఒకటి, రెండు కళ్లకు కోస్తాం. అక్టోబరులో ఆ కళ్ల నుంచి పెరిగి ముదిరిన కొమ్మలను కాపుకు తగిన పొడవుకు కోస్తాం.

ఇప్పుడు గియో లెక్క గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్‌లో మీరు పందిరి మీద వదిలేవన్నీ ఆయన పొట్టి కొమ్మలే. అక్టోబరులో వదిలేవన్నీ ఆయన పొడవు కొమ్మలే. ఆయన ఒకే రోజు ఒకే మొక్క మీద చేసిన రెండు పనులను మనం ఆరు నెలల తేడాతో చేస్తున్నాం. దీనివల్ల మనకు ఒక ప్రమాదం ఉంది. ఆయన మొక్క మీద వచ్చే ఏటి కొమ్మ వేరుగా, కాపు భారం లేకుండా పెరుగుతుంది. మనకు అలా పక్కన పెట్టిన కొమ్మ లేదు. ఏప్రిల్ తర్వాత పెరిగే కొమ్మలు పాడైతే అక్టోబరులో కోయడానికి మంచి కొమ్మే ఉండదు.

కంటిలో గెల పుట్టేది కూడా అప్పుడే. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య ఆకు మొదట్లో ఉన్న కంటి లోపల పిసరంత గెల రూపం కడుతుంది. అక్టోబరులో బయటపడేది అదే. ఆ రోజుల్లో రెమ్మలు కిక్కిరిసి ఎండ తగలకపోయినా, యూరియా, నీరు ఎక్కువై ఆకు విరగబారినా ఆ కంటిలో గెల బదులు నులితీగ తయారవుతుంది. కాబట్టి మే నెలలో అడ్డదిడ్డంగా వచ్చిన రెమ్మలు తీసేసి ప్రతి ఆకుకూ వెలుతురు అందేలా చూడాలి. జూన్ నుంచి వానల్లో బూజు తెగులు, బూడిద తెగులు, తుప్పు వల్ల ఆకు ముందే రాలకుండా కాపాడుకోవాలి. పంట లేని కాలం కదా అని ఈ నాలుగు నెలలు తోటను వదిలేసే రైతులే ఎక్కువ.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండెకరాల థాంప్సన్ తోట ఉన్న ఒక రైతు, ధర బాగుందని ఒక అక్టోబరులో సన్న కొమ్మలతో సహా అన్నీ వదిలేశాడు. నేను పక్కనే ఉండి కూడా గట్టిగా చెప్పలేదు. ఆ ఏడు గెలలు విరగకాశాయి, గింజ మాత్రం చిన్నది, తీపి సరిగా ఎక్కలేదు. మొద్దులో నిల్వంతా ఆ కాపుకే పోవడంతో ఏప్రిల్‌లో చిగురు పీలగా వచ్చింది. తర్వాతి అక్టోబరులో మూడింట రెండు కొమ్మలకు గెలే లేదు. ఆ రెండో ఏడాది నష్టంలో నాకూ భాగముందని ఇప్పటికీ అనుకుంటాను.

మరి ఎన్ని కళ్లు? ఏ కణుపు దగ్గర గెల ఉంటుందో రకాన్ని బట్టి మారుతుంది, అదే రకంలో తోటను బట్టి కూడా మారుతుంది. థాంప్సన్ సీడ్‌లెస్‌లో మొదటి మూడు, నాలుగు కళ్లు సాధారణంగా వట్టివే, గెల ఉన్నవి ఐదో కణుపు చుట్టూ, ఆపైన ఉంటాయి. దాన్ని మూడు కళ్లకు కోస్తే పంట మొత్తం కత్తెరకు పోయినట్టే. వేసవిలో రెమ్మను ఏడో ఆకు దగ్గర తుంచి పక్క కొమ్మ తెప్పించినవారికి ఆ ముడికి అటూ ఇటూ ఉన్న కళ్లలో గెలలు ఎక్కువ. బెంగుళూరు బ్లూ వంటి రకాల్లో కింది కళ్లే కాస్తాయి, వాటికి అంత పొడవు అవసరం లేదు.

ఊహతో కోయడం కంటే కన్ను పరీక్ష చేయించడం మేలు. కత్తిరింపుకు వారం, పది రోజుల ముందు తోటలో నాలుగైదు చోట్ల నుంచి సగటు కొమ్మలు కోసి, తడి గుడ్డలో చుట్టి ద్రాక్ష పరిశోధన కేంద్రానికి గానీ ఆ సౌకర్యం ఉన్న ప్రయోగశాలకు గానీ పట్టుకెళ్లండి. కంటిని నిలువుగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి గెల ఏ కణుపులో ఉందో చెబుతారు. ఆ కణుపు పైన ఇంకో కన్ను వదిలి కోయండి.

కొమ్మను ఎంచుకునేటప్పుడు పెన్సిల్ మందం, గుండ్రటి ఆకారం, గోధుమ రంగు బెరడు చూడండి. ఇంకా పచ్చగా ఉన్నవి, పుల్లల్లా సన్నవి, బొటనవేలంత బలిసి చదునుగా ఉన్నవి పనికిరావు. సన్నవాటిని కాపుకు వదలకుండా ఒకటి, రెండు కళ్లకు కోసి ఉంచితే వచ్చే ఏటికి అక్కడి నుంచి మంచి కొమ్మ వస్తుంది. గియో పొట్టి కొమ్మ మన పందిట్లో అక్టోబరులో కూడా పనికొచ్చేది ఇక్కడే. పందిరి మీద బోడిగా ఉన్న చోట్ల, కాపు కొసలకు జరిగిపోయిన తీగల మీద, మొదలుకు దగ్గరగా ఉన్న ఏ చిన్న కొమ్మనైనా ఇలా కాపాడుకోండి. పెద్ద కోతలకు అదే రోజు బోర్డో పేస్టు పూయండి.

చివరగా, కళ్లు ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూసేవారు చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పక వాడాలి. డబ్బా మీది మోతాదు దాటొద్దు. ఈ మందు పూసిన మనిషి ఆ రోజే కాదు, ముందు రోజూ, తర్వాత కొన్ని రోజుల వరకూ కల్లు గానీ సారా గానీ ముట్టకూడదు. కొంచెం తాగినా ముఖం ఎర్రబారి, గుండె దడ పుట్టి, బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. పని మొదలుపెట్టే ముందే కూలీలందరికీ ఈ మాట చెప్పండి.